మీ ఫోన్ మాటలు ఎవరెవరు వినొచ్చు?

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళ మనకు ఫోన్ గుర్తొస్తుంది. మాడుగులపల్లిలో ఉన్న తల్లి మిర్యాలగూడలోని కూతురితో ఏం మాట్లాడుతుంది? కుదువ పెట్టిన గొలుసు, చీటీ డబ్బు, అల్లుడి కోపం, కోడలు నెల తప్పిన సంగతి... పైవాళ్ళకు ఇవి చిన్న విషయాలే. కానీ రెండిళ్ళ గుట్టు అందులోనే ఉంది కదా! ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అన్నారా?

"మేమేం తప్పు చేశాం? వింటే విననీండి" అంటారేమో. అంత తేలిగ్గా తీసుకోకండి. అత్తింట్లో కష్టమొస్తే ఆడపిల్ల ముందుగా చెప్పుకునేది తల్లికే, అదీ ఫోన్లోనే. ఎవరో వింటున్నారన్న అనుమానం కలిగితే ఆ నోరు కాస్తా మూతపడుతుంది.

మన రాష్ట్రంలోనే...

2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదయింది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టాల్సిన ఎస్.ఐ.బి. విభాగంలోని కొందరు అధికారులు రాజకీయ నాయకుల ఫోన్లు, ఇంకా మరికొందరి ఫోన్లు అక్రమంగా విన్నారనీ, 2023 డిసెంబర్లో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ ఆరోపణ. కొందరు అధికారులు అరెస్టయ్యారు కూడా. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టే. మనం తెలుసుకోవాల్సింది మాత్రం ఒకటుంది. వినడానికి పోలీసులకైనా ఒక పద్ధతి ఉంది.

చట్టం ఏమంటోంది?

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ప్రభుత్వానికి ఈ అధికారం ఇచ్చింది. దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకూడదని 1996 డిసెంబర్లో సుప్రీంకోర్టు కళ్ళెం వేసింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత మన ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చారు.

2023 టెలికాం చట్టం, 2024 డిసెంబర్ నిబంధనల ప్రకారం ఫోన్ వినాలంటే కేంద్ర లేదా రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి కారణం రాసి ఉత్తర్వు ఇవ్వాలి. అది 60 రోజులే చెల్లుతుంది. పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. తప్పనిసరి పరిస్థితిలో పెద్ద పోలీసు అధికారి ముందుగా మొదలుపెట్టినా, ఏడు పనిదినాల్లో ఆమోదం రాకపోతే ఆపెయ్యాల్సిందే. అక్రమంగా విన్నవారికి మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ!

బాగానే ఉంది కదూ? లోటు ఎక్కడంటే, మీ ఫోన్ విన్నారని తర్వాతైనా మీకు చెప్పాలన్న నియమం లేదు. ఉత్తర్వులను సమీక్షించే కమిటీలో ఉండేది ప్రభుత్వ కార్యదర్శులే, న్యాయమూర్తి ఉండరు. దొంగ పడ్డ సంగతే తెలియని ఇల్లాలు ఫిర్యాదు ఎలా ఇస్తుంది చెప్పండి! అడగాల్సింది ఇదే.

ఇంట్లోవాళ్ళు వింటే?

భార్య ఫోన్ మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చెయ్యడం భర్తకైనా తగదని, అది ఆమె గోప్యతకు భంగమేనని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అయితే 2025 జులైలో సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డయిన మాటలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది. కాబట్టి ఫోన్ లాక్ నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. మీకు తెలియని యాప్ ఏదైనా ఫోన్లో కనిపిస్తే తెలిసినవాళ్ళకు చూపించి తీసేయించండి.

ఇది గుర్తుంచుకోండి

"పోలీసులం, మీ ఫోన్ మా నిఘాలో ఉంది, డిజిటల్ అరెస్టు చేశాం, డబ్బు పంపితే వదిలేస్తాం" అని వీడియో కాల్ వస్తే గాభరా పడకండి. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. నిజంగా వినేవాళ్ళు ఫోన్ చేసి చెప్పరు, డబ్బు అసలే అడగరు. వెంటనే పెట్టేసి 1930కి ఫోన్ చెయ్యండి. ఎవరు ఏ వివరం అడిగినా "ఏ చట్టం కింద? కాగితం చూపించండి" అనడం మర్యాద తప్పడం కాదు. మన ఇంటి గుమ్మం ఎలాగో మన మాటా అంతే. లోపలికి వచ్చేవాళ్ళు తలుపు తట్టి రావాలి!