పేడియుఁ బురుషరూపిణియు

నెల్లూరిసీమ పండితులకు విరాటపర్వము కంఠపాఠము. సంగమునఁ బెన్నయొడ్డునఁ జదువుకొన్న బాలుఁడైనను బృహన్నల కథ నెఱుఁగును. పేడి యనఁగనే చీర, గజ్జెలు, నాట్యశాల మనస్సునకుఁ దట్టును. పురుషులతోడి సంగమమును జీవికగాఁ జేసికొన్న పురుషులను దలఁచునపుడును లోకము ఈ వేషమునే వెదకుచున్నది. మగవేషమున నున్నవాఁడు కంటఁబడుట లేదు. ఈ లోపము నిఘంటువుతోఁ బోవునదియైనచో నింత వ్రాయఁ బనిలేదు. రోగనిర్ణయమునందును నిదియే యడ్డు నిలుచుచున్నది.

వాత్స్యాయనుఁ డీ పొరపాటు పడలేదు. కామసూత్రము రెండవ యధికరణము తొమ్మిదవ యధ్యాయమునఁ దృతీయప్రకృతిని రెండుగా విభజించి, స్త్రీరూపిణి వేశ్యవలె జీవించుననియు, పురుషరూపిణి కోరికను దాఁచికొని, యొడలు పిసుకు సంవాహకవృత్తిచే జీవించుననియుఁ జెప్పెను. మీసము దువ్వువాఁడును ఈ వృత్తిలో నుండవచ్చునని దీని ఫలితార్థము.

నేఁటి తెలుగునాట ఈ జనులు తమలోఁ దాము వాడుకొను పరిభాష వేఱు. స్త్రీభావము గలవాఁడు కోథి. పుంభావము గలవాఁడు పంతి. రెండు పాత్రలను వహించువాఁడు డబుల్ డెక్కర్. (కోథి శబ్దమును మన కోఁతితో ముడివెట్టి నవ్వుట తగదు. అది హిజ్రాల పరిభాషతో సంబంధించి, హిందీప్రాంతములందును వ్యవహారమున నున్నది.) సొమ్ము పుచ్చుకొనువారిలోఁ గోథులే యెక్కువగాఁ గంటఁబడుదురు. తక్కిన యిరుదెఱఁగులవారును బుచ్చుకొనుట కలదు. కాని వారు జనములోఁ గలసిపోవుదురు.

శాసనభాషయు నిట్లే నడచినది. 1956 నాఁటి వ్యభిచారవ్యాపారనిరోధశాసనము పేరులోనే స్త్రీలు, బాలికలు అని యుండెను. 1986లో సవరించి పురుషులకును వర్తించునట్లు మార్చిరి. అంతవఱకును ఈ పురుషుఁడు ఆ శాసనమునకుఁ గానరాలేదు. శిక్షాస్మృతి 377వ సెక్షనుకు మాత్రము చక్కఁగాఁ గానవచ్చెను. వయోజనులు సమ్మతించి యేకాంతమునఁ జేయు సంగమము నేరము కాదని సుప్రీముకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీనఁ దీర్పు చెప్పినది.

వ్యాధి యీ పేళ్లను జూడదు. గుదసంభోగమున స్వీకర్తకు హెచ్.ఐ.వి. యపాయ మధికమగుట నిజమే. కర్తకు లేదనుట యబద్ధము. పంతి తాను మగవాఁడననియు, రోగము కోథిసొత్తనియు భావించినచో, కండోము నొల్లఁడు. సొమ్మెక్కువ యిచ్చి వలదనువాఁడును గలఁడు. కోథియు విటునియెడఁ బాటించిన జాగ్రత్తను, తన మనసిచ్చినవానియెడఁ బ్రేమకు గుఱుతుగా విడుచుట కలదు. ఇది యిద్దఱితోఁ బోదు. 2005లోఁ బ్రకటితమైన యాంధ్రప్రదేశ పరిశోధన యొకటి, పురుషసంగమము గల యాఱువేలకు మించిన పురుషులను బ్రశ్నించి, వారిలో నూటికి నలువదిమంది ప్రాంతమున వివాహితులని తేల్చినది. ఆ యిల్లాండ్రు ఏ పరిభాషలోను లేరు.

సెగ, కొఱుకు, అడ్డగఱ్ఱ అని మనవారు సుఖవ్యాధులకుఁ బేళ్లు పెట్టినది లక్షణములను బట్టియే. కొఱుకుపుండు హెచ్.ఐ.వి. చొచ్చుటకు ద్వారమగును. సెగ యన్ననో, గుదమునను గొంతునను తఱచుగా లక్షణమేమియు లేకయే దాఁగియుండును. మూత్రమును మాత్రము పరీక్షించిన నది దొరకదు. వచ్చినవాఁడు మీసముతో, భార్యాసమేతుఁడై కూర్చున్నపుడు వైద్యుఁడు మూత్రముతోనే సరిపుచ్చును. ఏ యంగముతో సంగమము జరిగెనని యడిగినఁగాని తక్కిన పరీక్షలు చేయవలెనన్న తలఁపే రాదు. 2017 నుండి హెచ్.ఐ.వి. యున్నట్లు తేలినవారి కందఱకును వెంటనే మందు మొదలుపెట్టవలెనన్నది మన దేశమున నియమము. ఆ మందుతో రక్తమున వైరసు కానరానంతగా నడఁగియున్నచో సంగమమున నితరులకు సోకదు. అయినను ఆ నియమము తేలినవారికే కదా.