అడిగేవారుంటే వృద్ధాప్యం ఎండిపోదు

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో అనేక ఇండ్లకు ముసలివారే కాపలా. కొడుకు, కోడలు హైదరాబాదుకో, ముంబాయికో పనికి పోతే అవ్వ, తాత, బడి పిల్లలు ఇంటివద్ద మిగులుతారు. తిండికి, మందులకు డబ్బు పంపితే మన బాధ్యత తీరిందనుకుంటాము. కాని "నీకెందుకే అవ్వా, ఓ పక్కకు కూసో" అనే మాట ఆకలికంటె ఎక్కువగా వారిని కుంగదీస్తుంది.

నాగర్‌కర్నూలు జిల్లా, లింగాల మండలం, అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారిని చూడండి. వెదురుకు ఎండిన సొరబుర్రలు అమర్చిన పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ, పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు ఊరూరా పాడారు. డెబ్బై ఏండ్ల దరిదాపులలో, 2021లో, ఒక సినిమా పాటకు గొంతు ఇచ్చారు. పల్లె అరుగులకు తెలిసిన ఆ గొంతు రాష్ట్రమంతా వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అయినా 2024లో ఆయన కట్టడాల వద్ద కూలిపని చేస్తున్నారన్న వార్త చూశాము. ఆ వయస్సులో అడిగేవారుంటే పాట చిగురిస్తుంది; కాని సన్మానంతో కడుపు నిండదు. పెద్దలకు కూడూ కావాలి, అడిగే మనిషీ కావాలి.

విశాఖపట్నంలో చిలుకూరి శాంతమ్మ గారు భౌతికశాస్త్ర అధ్యాపకురాలిగా 1989లో పదవీ విరమణ చేశారు. తొంభై దాటిన తరువాత కూడా చేతికర్రల సాయంతో నడుస్తూ, అరవై కిలోమీటర్ల దూరంలోని విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు.

"ఆమె చదువుకున్నది, మా అవ్వకు అక్షరమే రాదు" అంటారా? తెలుసుకోవాలనే ఆశకు అక్షరాలతో పని లేదు. ఏ నేలలో ఏ జొన్న పండుతుందో, ఏ మబ్బు కురుస్తుందో అవ్వకు తెలుసు. ఎవరూ అడగరు గనుక ఆమె చెప్పదు. మనవడి చేతిలోని ఫోను చూచి "ఇదేంది బిడ్డా?" అని ఆమె అడిగినప్పుడు విసుక్కుంటే, మరునాడు ఆమె అడగదు. ఆ అడగకపోవడమే అసలు ముసలితనము.

కాలేబు ఎనభై ఐదేండ్ల వయస్సులో విశ్రాంతి కోరలేదు. ఇంకా జయించవలసిన కొండసీమను అడిగాడు. అందుకు యెహోషువ నవ్వలేదు, అతని దీవించి హెబ్రోనును ఇచ్చాడు. ముసలివాని ఆశకు విలువనిచ్చిన ఆ చెవి మనకు కావాలి.

కనుక యౌవనులారా, దూరాన ఉన్నవారు ఫోనులో "తిన్నావా?" అన్న తరువాత మరొక ప్రశ్న అడగండి: విత్తనమును గూర్చి, పాత పాటను గూర్చి, కరువు కాలమును గూర్చి. చెప్పినది పిల్లలచేత వ్రాయించండి. సంఘ పెద్దలారా, ఒంటరి అవ్వకు బియ్యం ఇచ్చి వెంటనే లేచి రాకండి, కాసేపు కూర్చోండి. ముసలి తల్లులారా, తండ్రులారా, ఒకరు విసుక్కుంటే మరొకరిని అడగండి. మీరు అడిగినంతకాలం ఈ లోకము మీకు పాతబడదు.