ఝరి నడిచే దారి: కేస్లాపూర్ – హస్తినమడుగు కాలిబాట, మెస్రం వంశ సంప్రదాయం

ఉపోద్ఘాతం

నాగోబా జాతరను గూర్చిన రచనలు సాధారణంగా కేస్లాపూర్‌లో మొదలై కేస్లాపూర్‌లోనే ముగుస్తాయి. పుష్య అమావాస్య నాటి మహాపూజ, ఆ తరువాత జరిగే దర్బారు, తరలివచ్చే జనసందోహం విస్తృతంగా వర్ణితమయ్యాయి. గోదావరి నీటికోసం మెస్రం వంశీయులు అడవిగుండా సాగించే పాదయాత్ర మాత్రం ఆ వర్ణనల్లో ఒక్క వాక్యంతో తేలిపోతుంది. పూజకు అర్హత సమకూరేది ఆ నడకలోనే కనుక ఈ ఉపేక్ష చిన్న లోపం కాదు. కోటకు రాయి ఉంటుంది, గుడికి శాసనం ఉంటుంది. కాలిబాటకు ఏటేటా పడే పాదముద్ర తప్ప వేరే ఆధారం ఉండదు. అందువల్లనే వారసత్వ సంపద జాబితాలలో బాటలకు చోటు దొరకడం అరుదు.

ఝరి ప్రయాణం

మెస్రం రాజ్‌గోండులలో ఒక వంశం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో వెలసిన నాగోబా వారి కులదైవం. పుష్యమాసపు నెలవంక కనిపించిన పిదప వంశ పెద్దలు సమావేశమై యాత్రకు నాంది పలుకుతారు. ఎడ్లబండిపై ఊరూరా తిరిగి బంధువర్గానికి జాతర కబురు అందిస్తారు. మట్టికుండల తయారీని సిరికొండ కుమ్మరులకు అప్పగిస్తారు. గోండుల కులదైవ పూజకు గోండేతర చేతివృత్తి అనివార్యాంగం కావడం గమనార్హం. అడవి సమాజాలను ఒంటరి ద్వీపాలుగా చూపే అలవాటుకు ఈ కుండలే తగిన సమాధానం.

అనంతరం తెల్లని ధోవతులు, తలపాగాలు ధరించి పాదరక్షలు లేకుండా వారు బయలుదేరుతారు. గమ్యం మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు వద్ద గోదావరిలోని హస్తినమడుగు. మడుగు అనే మాట ఇక్కడ కీలకం. వర్షాలు వెనుకబడ్డాక నది పాయలుగా చీలి ఇసుకతిన్నెల నడుమ సన్నబడినా, లోతైన మడుగులో నీరు నిలుస్తుంది. పుష్యమాసంలో నిశ్చయంగా నీరు దొరికే చోటును వెతికిన పూర్వుల ఎంపికలో భక్తితోపాటు నదీజ్ఞానం కూడా ఉన్నదని చెప్పవచ్చును. అక్కడ స్నానాదులు, పూజలు ముగించి, ఝరి అని పిలిచే పాత్రలో నీరు నింపి, తెల్లని వస్త్రం చుట్టి తిరుగుప్రయాణం ఆరంభిస్తారు.

కేస్లాపూర్ నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూరు, జన్నారం మీదుగా పోయే నేటి రోడ్డు దారి డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కాలినడక అంతకన్న దీర్ఘం. యాత్ర తిన్నగా సాగదు. బంధువులున్న గూడేల మీదుగా, రాత్రి విడుదుల మీదుగా మెలికలు తిరుగుతుంది. రహదారి రెండు బిందువులను కలుపుతుంది. ఈ బాట ఇళ్ళను కలుపుతుంది. గూడెంలో ఆతిథ్యం స్వీకరించడమంటే ఆ గూడెంతో గల బంధుత్వాన్ని మరొక ఏడాదికి ధ్రువీకరించుకోవడమే. వంశగాథలను కిక్రి వాద్యంతో గానంచేసే ప్రధానులకు ఈ సంప్రదాయంలో విశిష్ట స్థానం ఉంది.

తిరుగుదారిలో ఇంద్రవెల్లి ఇంద్రాయి దేవతకు పూజలు జరిపి కేస్లాపూర్ మర్రిచెట్ల నీడకు చేరుకుంటారు. కుటుంబాలు అక్కడ కలుస్తాయి. మహాపూజవేళ ఆ నీటితో నాగోబాకు అభిషేకం జరుగుతుంది. ఆడపడుచులు, అల్లుళ్ళు కోనేటినీటితో పుట్టమన్ను కలిపి పుట్టలను తీర్చుతారు. 22 కితలవారు గోవాడలోని 22 పొయ్యిలపైనే వంట చేసుకుంటారు. కొత్త కోడళ్ళను దైవానికి పరిచయంచేసే భేటింగ్ ముగిసేదాకా వారికి వంశ పూజలో సంపూర్ణ ప్రవేశం లేదు. ఊరూరా చెదరి ఉన్న వంశం ఝరి వెంట ఒకచోటికి చేరి, పొయ్యిల లెక్కలో తన్ను తాను సరిచూసుకుంటుందన్నమాట.

ఉత్తర భారతంలోని కావడి యాత్రతో దీనిని పోల్చడం పరిపాటి. పోలిక కొంతవరకే నిలుస్తుంది. అక్కడ ఎవరి కావడి వారిది, ఎవరి మొక్కు వారిది. ఇక్కడ నీరు వంశమంతటి ఉమ్మడి సొత్తు. పండరిపురం వారీ మార్గంలో ఎవరైనా చేరవచ్చు. ఇక్కడ నడిచే హక్కు పుట్టుకతో సంక్రమిస్తుంది.

అభయారణ్యంలో కాలిబాట

ఈ దారి టేకు అడవులగుండా, కవ్వాల్ పులుల సంరక్షణ కేంద్రంగుండా సాగుతుంది. 1965లో అభయారణ్యంగా ఏర్పడిన కవ్వాల్ 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. అంతకు ముందే, నిజాం కాలంలో రిజర్వు అడవుల హద్దులు గోండులను పొలాలనుంచి, గూడేలనుంచి దూరంచేశాయి. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరగడానికి నేపథ్యం అదే. ఆ తరువాత ఈ ప్రాంతానికి వచ్చిన హైమండార్ఫ్ గోండుల భూసమస్యను లోతుగా పరిశీలించాడు. 1940లలో ఆరంభమైన నాగోబా దర్బారు ఆ కృషితోనే ముడివడి ఉంది. యాత్రికులు పూజలు చేసే ఇంద్రవెల్లి గడ్డపైనే 1981 ఏప్రిల్ 20న కాల్పులు జరిగాయి. బాట పవిత్రతను మాత్రమే చెప్పి ఈ చరిత్రను విడిచిపెడితే చిత్రం సగమే అవుతుంది.

చట్టం దృష్టిలో ఈ బాట స్థానమేమిటి? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్య ప్రవేశాన్ని పరిమితం చేస్తూ కొందరికి మినహాయింపు ఇచ్చింది. ప్రజా రహదారి మీద వెళ్ళేవారు అందులో ఉన్నారు. అంటే రోడ్డుపై వాహనంలో పోయే బాటసారికి స్పష్టమైన రక్షణ ఉంది. పూర్వికుల కాలిబాటన చెప్పుల్లేకుండా నడిచేవానికి అంత స్పష్టత లేదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1) సెక్షన్‌లోని చివరి ఖండాలలో ఒకటి, వేటను మినహాయించి, ఆచారసిద్ధంగా అనుభవిస్తున్న ఇతర సంప్రదాయ హక్కులను గుర్తిస్తుంది. ఏటా ఒకే కాలంలో, ఒకే గమ్యానికి, అడవిని తాకకుండా సాగే నడకకు ఈ ఖండం సహజంగా వర్తించవలసినదే. అయితే హక్కు పత్రానికి ఎక్కాలంటే దారిని గుర్తించి గీయాలి. విడుదులను, పూజాస్థలాలను, నీటిరేవులను గ్రామసభ తీర్మానంలో పేర్కొనాలి.

చిక్కు ఇక్కడే ఉంది. పటంపై గీసిన గీత కదలదు. బంధువులు మారినప్పుడు, గూడెం తరలినప్పుడు బాట కదులుతుంది. ఒక్క గీతను నమోదుచేస్తే అది రేపు హక్కుకు ఆధారమూ కావచ్చు, దానికి అవతల వేసిన ప్రతి అడుగుకూ అడ్డంకీ కావచ్చు. కనుక క్షేత్రపరిశోధకులు నమోదు చేయవలసింది దూరాలకంటె ముందుగా విడుదుల పేర్లు, ఒక్కొక్క విడుదిలో ఝరిని ఎదుర్కొనే కుటుంబాలు, ఆ విడుది మారితే మార్చడానికి అధికారం గల పెద్దలు. ఆ వివరాలు ప్రస్తుతం నడిచేవారి జ్ఞాపకంలోను, ప్రధానుల గానంలోను ఉన్నాయి.