మన సరిహద్దు నదులు: పడవలు, వంతెనలు

పెన్‌గంగకు ఈ ఒడ్డున మన తెలంగాణ, ఆ ఒడ్డున మహారాష్ట్ర. బోథ్‌లో, ఆదిలాబాదులో ఎన్నో ఇళ్ళకు అటు ఒడ్డుతో వియ్యాలున్నాయి. బస్సు వంతెన దాటుతుంటే నదిలో ఒక రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకుంటాం. అంతటితో సరి. ఈ నీళ్ళమీద ఒకప్పుడు ఏమి నడపాలనుకున్నారు, వంతెన ఎట్లా నిలుస్తుంది, దేనివల్ల కూలుతుంది అన్న సంగతులు ఈవేళ చెప్పుకుందాం.

పెన్‌గంగ వెళ్ళి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అక్కణ్ణుంచి భద్రాచలం, రాజమండ్రి మీదుగా సముద్రానికి. పటంమీద చూస్తే మన ఎగువ ప్రాంతంనుంచి సముద్రం దాకా ఒకటే నీటి బాట! ఈ బాటలో ఆవిరి పడవలు నడపాలని నూటయాభై ఏళ్ళకు పైగా వెనుక ఇంగ్లీషువాళ్ళు కలగన్నారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు నీటిదారులంటే ప్రాణం. అంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. అక్కడి పత్తి ఆగిపోయి, ఇంగ్లండు మిల్లులు మూలబడ్డాయి. దాంతో అందరి చూపూ బేరారు, నాగపూరు పత్తిమీద పడింది. ఆ బేళ్ళను గోదావరి మీదుగా సముద్రానికి దించాలని పథకం.

మరి పడవలు ఎందుకు రాలేదంటారా? నదిలో మూడుచోట్ల పెద్ద బండల వరసలు అడ్డం ఉన్నాయి. ఒకటి దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇంచంపల్లి దగ్గర, మూడోది ప్రాణహితలో దేవలమర్రి దగ్గర. హేగ్ అనే ఇంజనీరు ఈ పని చేపట్టాడు. బండల దగ్గర రాతి ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, దానికి లాకులు పెట్టడం ఉపాయం. లాకంటే నీటి మెట్టు అనుకోండి. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, లోపలికి నీళ్ళు వదిలితే పడవ పైకి లేస్తుంది, నీళ్ళు తీసేస్తే కిందికి దిగుతుంది. దుమ్ముగూడెంలో ఆ ఆనకట్ట నేటికీ ఉంది. కాని ఖర్చు పెరిగిపోయింది. వానాకాలం పోతే నదిలో లోతు చాలదు. ఈలోగా 1867లో బొంబాయినుంచి రైలు నాగపూరు చేరుకుంది. పత్తి బేళ్ళు రైలెక్కాయి. 1871లో ఈ పని ఆపేశారు.

రైలు గెలిచింది సరే, దానికి నది దాటే దారి కావాలి కదా! రాజమండ్రి దగ్గర గోదావరిమీద 1897లో మొదలుపెట్టి 1900లో ముగించిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. మనవైపు కాజీపేట – బల్హార్షా లైను 1929లో పూర్తయింది. మంచిర్యాలకు వెళ్తూ గోదావరి దాటేది ఆ లైనుమీదే. మద్రాసుకు, ఢిల్లీకి మధ్య నేరుదారి పడింది అప్పుడే.

ఇసుకలో స్తంభం ఎట్లా నిలుస్తుందనే సందేహం వస్తుంది. మనం ఒరల బావి తవ్వే పద్ధతే. గుండ్రని గోడ కట్టి, దాని లోపలి ఇసుక తోడుతూ పోతే, గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. పైన మళ్ళీ కడతారు, మళ్ళీ తోడతారు. గట్టి నేల తగిలాక లోపల నింపి, ఆపైన స్తంభం లేపుతారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. క్యూసెక్కంటే క్షణానికి ఇంచుమించు రెండు బిందెల నీళ్ళు! అంత వరదలోనూ ఆ పాత వంతెన నిలబడింది. 1997 దాకా రైళ్ళను మోసి, ఆ తర్వాతనే విశ్రాంతి తీసుకుంది.

మరి వంతెన కూలేది ఎప్పుడు? నీళ్ళకు అడ్డంపడేది వచ్చినప్పుడు. అమెరికాకు, కెనడాకు సరిహద్దు నయాగరా నది. జలపాతం కింద ఇనుప కమాను వంతెన ఉండేది. కొత్త దంపతులు వచ్చే చోటని దానికి హనీమూన్ వంతెన అని ముద్దుపేరు. 1938 జనవరిలో గాలివానకు ఎగువ సరస్సులోని మంచుగడ్డలు కొట్టుకొచ్చి, కింద లోయలో గుట్టలుగా పేరుకున్నాయి. నీటి మట్టానికి దగ్గరగా ఉన్న కమాను కాళ్ళను ఒత్తిపెట్టాయి. 27వ తేదీన వంతెన మొత్తం నదిలో పడిపోయింది. ముందే రాకపోకలు ఆపేశారు గనుక ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. 1941లో కట్టిన కొత్త వంతెనకు కాళ్ళు నదికి బాగా ఎత్తున పెట్టారు.

మనకు మంచుగడ్డలు లేవు గదా అని నిశ్చింతగా ఉండకండి. మన గడ్డలు చెట్ల మొద్దులు, తుప్పలు, చెత్త. వంటింటి తూము దగ్గర నాలుగు మెతుకులు, రెండు కాడలు నిలిచాయంటే నీళ్ళన్నీ గదిలోకి ఎదురు తంతాయి, చూస్తూనే ఉంటాం. వంతెన ఖానా కూడా తూమే! కొమ్మ ఒకటి అడ్డంపడితే దాని వెనుక ఇంకొకటి, దాని వెనుక గడ్డీ గాదమూ. నీళ్ళు పోయే దారి మూసుకుని మట్టం పెరుగుతుంది. బోథ్ ప్రాంతపు గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర దూకే మన కడెమే చూడండి. 2022 జూలైలో కడెం జలాశయానికి దాదాపు 5 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. గేట్లు వదలగలిగేది 3 లక్షలే. గేట్ల దగ్గర మొద్దులు, చెత్త అడ్డంపడ్డాయి. కింది ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. పక్కన కాలువ దగ్గర గండిపడి కొంత నీరు అటు పోవడంతో ఆనకట్ట గట్టెక్కింది.

ఇందులో మనకు పనికొచ్చేది ఏమిటంటారా? వంతెనను మామూలు రోజు నీళ్ళకు కొలిచి కట్టరు, అన్నిటికన్నా చెడ్డ రోజుకు కొలుస్తారు. వాగుమీది చిన్న కల్వర్టుకు అంత బలం ఉండదు. దానిమీద నీళ్ళు పారుతుంటే కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. వడిగా పారే మోకాలి లోతు నీళ్ళు మనిషిని పడేస్తాయి. రెండడుగులుంటే కారును కూడా లేపుతాయి. పెళ్ళికి ఆలస్యమవుతుందనో, పిల్లలకు పరీక్ష ఉందనో మగవాళ్ళు బండి దింపుతామంటే, వద్దని గట్టిగా చెప్పండి. ఓపికగా ఆగితే చాలా వాగులు వాటంతట అవే దిగుతాయి. మన వీధి మోరీలో, ఊరి వాగులో చెత్త వేయకుండా చూడటం కూడా మన చేతిలోనిదే. మనం వేసిన సంచే రేపు ఏదో ఒక ఖానాకు అడ్డంపడుతుంది. నదికి రూపాయి వేసి దండం పెట్టుకునే మనం, దాని దారి దానికి వదిలిపెడితే అంతకన్నా పెద్ద మొక్కు మరొకటి లేదు.