చివరి వరుసకు మాట వినిపించాలంటే

ఈసారి వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాయమని తమ్ముళ్లు అడిగారు. చదువు గొప్పతనం మీద రాద్దామనుకున్నాను గానీ, అది రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఈలోగా పూర్వ విద్యార్థులు తలా కొంత వేసుకుని మన హాలులోని టీవీకి హోం థియేటర్ కొనిస్తారని తెలిసింది. చాలా సంతోషం. అయితే ఇదే పనికి ఒకసారి డబ్బులు పోగొట్టుకున్నాం. రెండోసారి అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతిలో ఉండగా టీ-శాట్ పాఠాలు వినడం కోసం కాస్మెటిక్ చార్జీల్లో మిగిల్చిన డబ్బులు పోగుచేసి ఒక సెట్టు తెచ్చాం. ఆరు స్పీకర్లు, అట్టపెట్టె మీద 5,000 వాట్లు అని పెద్ద అక్షరాలు. మొదటిరోజు పాట పెడితే కంచాలు అదిరాయి, అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు లెక్కల పాఠం పెడితే సారు గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. సైన్ అన్నారో కొసైన్ అన్నారో చివరి వరుసలో కూర్చున్న మాకు తెలియలేదు. సౌండు పెంచితే ఇంకా గందరగోళం. పరీక్షలయ్యేదాకా పాఠం వేళకు ముందు వరుసలో చోటు కోసం రోజూ కొట్లాటే.

తప్పు సెట్టుది మాత్రమే కాదని పీజీలో చేరాక తెలిసింది. మన హాలుకు సున్నం గోడలు, బండల నేల, స్లాబు. ఇవి శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. ఒక మాట గోడల మధ్య తిరుగుతుండగానే రెండో మాట వచ్చి దాని మీద పడుతుంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికీ 1895లో ఇదే కష్టం వచ్చింది. కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకునికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రుళ్లు పక్క థియేటరులోని కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఎన్ని మెత్తలు పెడితే మోత ఎంత తగ్గుతుందో గడియారం పెట్టి లెక్క కట్టాడు. ఖాళీ గదిలో మోత ఐదు సెకన్లకు పైగా నిలిచేది. తెరిచిన కిటికీనే ఆయన కొలమానంగా పెట్టుకున్నాడు, ఎందుకంటే దానిలోంచి బయటికిపోయిన శబ్దం తిరిగి రాదు.

మనకు మెత్తలు లేవు, గొంగళ్లు ఉన్నాయి. ఉన్ని గొంగడి, పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. టీవీకి ఎదురుగా ఉన్న వెనుక గోడకు, వీలైతే ఒక పక్క గోడకు కూడా, గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలి వేలాడదీయండి. పలచని పరదా వల్ల పెద్దగా లాభం లేదు. కాబట్టి బడ్జెట్‌లో మొదటి ఖర్చు స్పీకర్లు కాదు, గోడలు. నా మాట కొందరు అన్నలకు నచ్చకపోవచ్చు.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద పీఎంపీఓ అని ఉండే అంకెకు ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు, అమ్మేవాడు ఎంతైనా వేసుకోవచ్చు. ఆర్‌ఎంఎస్ అని ఉన్న అంకె అడగండి. అదీ నమ్మకం లేకుంటే సెట్టు వెనుక చీటీ చూడండి. కరెంటు 60 వాట్లే తీసుకునే పరికరం ఆగకుండా అంతకు మించి ఇవ్వలేదు, ఇది మనం బడిలో చదివిన శక్తి నియమమే. పైగా వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు పది రెట్ల వాట్లు కావాలి. అందుకే 20 వాట్లకూ 40 వాట్లకూ ధరలో తేడా ఉంటుంది గానీ వినికిడిలో కొద్దే.

మన హాలులాంటి చోట ఆరు నాసి పెట్టెల కన్నా రెండు మంచి స్పీకర్లు, ఒక స్టీరియో ఆంప్లిఫయర్ మేలు. స్పీకరుకు దూరం రెట్టింపయితే బయలులో శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. టీవీ పక్కన బల్ల మీద పెడితే ముందువాళ్లకు చెవులు పగులుతాయి, వెనుకవాళ్లకు ముందువాళ్ల తలలే అడ్డం. ఏడడుగుల ఎత్తున బిగించి, చివరి వరుస మీదికి కొద్దిగా వంచాలి. మేము చేసినట్టు నాలుగు మూలలా పెట్టకండి. వెనుక కూర్చున్నవాడికి బొమ్మ ముందు, మాట వెనుక అవుతుంది. మూలన పెట్టిన బాస్ పెట్టె ఇంకా గుమ్మంటుంది, పాఠాల వేళ దాని మీట బాగా తగ్గించాలి.

ఇంట్లో పెట్టుకునేవాళ్లకు లెక్క వేరు. గది చిన్నది, వినేవాళ్లు నలుగురు. రెండు స్పీకర్లు, మీరు కూర్చునే చోటు కలిపితే సమబాహు త్రిభుజం కావాలి, స్పీకర్లు చెవుల ఎత్తున ఉండాలి. మన ఊరి పేరుతో 2023లో వచ్చిన ‘రుద్రంగి’ సినిమాను మా చిన్నాయన ఇంట్లో చూస్తుంటే ఫైట్లకు ఇల్లు అదురుతోంది, మాటలు మాత్రం లేవు. 5.1 సౌండులో సంభాషణలు ఎక్కువగా మధ్య స్పీకరుకు వెళతాయి. ఆ స్పీకరు తీగ ఊడి ఉంది! మధ్య స్పీకరు లేనివాళ్లు టీవీ సెట్టింగులో సౌండు అవుట్‌పుట్‌ను స్టీరియో లేదా పీసీఎంకు మారిస్తే మాటలు రెండు స్పీకర్లలోకీ వస్తాయి, పైసా ఖర్చు లేదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పక్క ఊళ్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన సెట్లు చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. కొత్తది కొనేముందు వాటిని దుమ్ము దులిపి చూడండి. సౌదీలో ఇళ్లకు చాలాకాలం 127 వోల్టుల కరెంటు ఉండేది. వెనుక 110 లేదా 127 అని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టులకు నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది.

తీగలకు ఖరీదైన పేర్లు అక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ హాలు పొడవుకు చాలు. కానీ ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే కలపాలి. ఒక స్పీకరుకు తారుమారయితే బాస్ చచ్చిపోతుంది. రంగులు చెరిగిపోతే తీగలను ఆంప్లిఫయర్ నుంచి విప్పి, గడియారం సెల్లును ఒక్క క్షణం తాకించండి. డయాఫ్రం ముందుకు కదిలితే సెల్లు ప్లస్ తాకిన తీగే ప్లస్.

అన్నలు సెట్టు తెచ్చిన రోజు పాట పెట్టి చూడకండి. హాలు నిండా పిల్లలు కూర్చున్నాకే చూడండి, మనుషులు కూడా శబ్దాన్ని పీలుస్తారు. టీవీలో వార్తలు పెట్టి, చివరి వరుసలోని ఐదుగురు తమ్ముళ్లకు కాగితాలిచ్చి విన్నది రాయమనండి, ముందు వరుసలోని ఐదుగురికీ అలాగే. రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి చూశాకే దుకాణానికి మిగతా డబ్బులు కట్టండి.