బేస్‌మెంటులో ఆకాశం

షాంటిలీలో మా ఇంటి బేస్‌మెంటులో ఒక చెక్క చట్రం ఉంది. దానికి వంద మీటర్లకు పైగా తీగ చుట్టాను. చూసినవాళ్ళు నులకమంచం అల్లబోయి మధ్యలో మానేశాననుకుంటారు. నిజానికి అది ఏంటెనా.

ఇక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, మెయిన్ రాష్ట్రంలోని కట్లర్‌లో అమెరికా నౌకాదళపు ట్రాన్స్‌మిటర్ ఉంది. 24 కిలోహెర్ట్జ్ దగ్గర జలాంతర్గాములకు కబుర్లు పంపుతుంది. ఒక్కో తరంగం పొడవు పన్నెండున్నర కిలోమీటర్లు! ఆ కబుర్లు రహస్యం, నాకు అక్కర్లేదు కూడా. ఆ తరంగం ఎంత బలంగా వచ్చిందన్నదే నా లెక్క.

ఈ తరంగాలు నేలకీ ఆకాశానికీ మధ్య సొరంగంలో వెళ్ళినట్టు వెళ్తాయి. ఆ సొరంగానికి పైకప్పు అయనావరణం. పగలు దాని అడుగుపొర సుమారు 70 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రి ఆ పొర కరిగిపోయి కప్పు 90 కిలోమీటర్ల దాకా లేస్తుంది. సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగిస్తే ఎనిమిది నిమిషాల్లో ఎక్స్ కిరణాలు వచ్చి కప్పును కిందికి దింపుతాయి. గ్రాఫు గీత చటుక్కున మారి, తీరిగ్గా మామూలవుతుంది.

మొదటివారం రోజూ సాయంత్రం అలాంటి మార్పే కనబడితే పొంగిపోయాను. మా ఆవిడ వంటింట్లో డిమ్మర్ దీపం ఆర్పగానే నా 'సూర్యుడు' చల్లబడ్డాడు.

మనవాళ్ళకిది కొత్త కాదు. వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు గారు అయనావరణ పరిశోధనను పెంచి పోషించారు. ఇప్పుడు వికారాబాదు జిల్లా దామగుండం అడవిలో మన నౌకాదళం ఇలాంటి కేంద్రమే కడుతోంది. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివాళ్ళు పోరాడారు. దేశరక్షణకు అవసరమా కాదా అన్నది తేల్చేటంతటివాణ్ణి కాను. కాని "సైన్సుకీ పనికొస్తుందిగా" అని మిత్రుడొకరు అన్నప్పుడు ఒప్పుకోలేకపోయాను.

ఎందుకంటే, సైన్సుకి కావలసిన తరంగం మనకిప్పటికే ఉంది. తిరునల్వేలి దగ్గర 1990లో మొదలైన ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 18.2 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. నా 24కి ఖరీదైన సౌండ్ కార్డు కావలసివచ్చింది. 18.2కి మామూలు కంప్యూటరులో ఉండేదే సరిపోతుంది. శ్రీకాకుళంలో ఏ సైన్సు మాస్టారికైనా ఆసక్తి ఉంటే చెప్పండి, చట్రం కొలతలు పంపుతాను.