రాత్రి 8 గంటల మాత్ర

డాలస్‌లో నేను ఫార్మసిస్టును. సెలవులకు గుంటూరు వెళ్లినప్పుడల్లా ఓ వారం హెచ్‌ఐవీతో జీవిస్తున్న పిల్లల హోమ్‌లో గడుపుతాను. ‘అక్కడ భయం వేయదా?’ అని ఇక్కడి స్నేహితులు ఇప్పటికీ అడుగుతారు. ఒకే కంచంలో తింటే, ముద్దు పెట్టుకుంటే హెచ్‌ఐవీ అంటదని తెలిసినవాళ్లే అలా అడగడం విచిత్రం.

ఆ హోమ్‌లో ముఖ్యమైన సమయం రాత్రి 8 గంటలు. అన్నాలయ్యాక పిల్లలు వరుసగా కూర్చుంటారు. వార్డెన్‌గారు బీరువా తాళం తీసి, రిజిస్టరు చూసి, ఎవరి మందు వారి చేతిలో పెడతారు. మింగాక నోరు తెరిచి చూపించాలి. పసివాళ్లకు 10 మిల్లీగ్రాముల డాల్యుటెగ్రావిర్ బిళ్లలు నీళ్లలో కరిగించి తాగిస్తారు. పాతరోజుల్లో లోపినావిర్ సిరప్ చేదుకు పిల్లలు కక్కేసేవారట. బరువు 20 కిలోలు చేరితే పెద్దలకిచ్చే 50 మిల్లీగ్రాముల బిళ్లే ఇవ్వొచ్చు. అందుకే నెలనెలా తూకం. కిందటిసారి ఓ బుడతడు 20 దాటాడు. ‘నాకూ పెద్ద బిళ్లే’ అని ఇల్లంతా తిరిగి చెప్పుకొన్నాడు.

మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో ఉచితం. ఆ పథకం 2004లో మొదలైంది. డబ్బు కావాల్సింది గుడ్లకు, పాలకు, ఆసుపత్రి ఆటోకు, ఆయాల జీతాలకు. మనవాళ్లు తెచ్చేది మాత్రం కేకులు, స్కూలు బ్యాగులు. ఆయా జీతం ఫొటోలో కనిపించదు కదా!

ఫొటో దగ్గరే అసలు తంటా. నేనక్కడ ఉండగా విదేశం నుంచి ఓ కుటుంబం వచ్చింది. భోజనాలు పెట్టించి, పిల్లలతో గ్రూప్ ఫొటో అడిగింది. పెద్ద ఆడపిల్లలు ఒక్కొక్కరే వంటింట్లోకి జారుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ‘‘ఆంటీ, స్కూల్లో మేం మామూలు హాస్టల్ పిల్లలం. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పడితే రేపు నా పక్కన ఎవరు కూర్చుంటారు?’’

వార్డెన్‌గారు ఫొటో కుదరదన్నారు. వచ్చినవాళ్లు నొచ్చుకున్నారు. ఇస్తామన్న డబ్బు రాలేదు. ఆ నెల వంటామె జీతం ఆలస్యమైంది. ‘‘పోనీలెండి మేడమ్, పిల్ల బడి మానేస్తే ఎవరు తెచ్చిస్తారు?’’ అన్నారావిడ.

చట్టమూ ఆవిడ వైపే ఉంది. ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం నిషేధించింది. ఆరు నెలల జైలు, 2 లక్షల రూపాయల జరిమానా దాకా పడొచ్చు.

సాయం చేయదలచినవారికి ఓ సంగతి. మీరు భారత పౌరులైతే సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డున్నా, అది విదేశీ విరాళమే. హోమ్‌కు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

త్వరలో ఓ అబ్బాయికి 18 నిండుతాయి. పాలిటెక్నిక్ హాస్టల్‌కు వెళ్తాడు. ఫీజుకన్నా వాడికి పెద్ద బెంగ, నలుగురుండే గదిలో మందు సీసా ఎక్కడ దాచాలని. విటమిన్ సీసాలో పోసుకుంటానన్నాడు. తేమ తగిలితే బిళ్లలు పాడవుతాయి, సీసా మార్చొద్దన్నాను. బజారుకెళ్లి తాళం వేసుకునే చిన్న రేకుపెట్టె కొన్నాం. ఒక తాళంచెవి వాడి మొలతాడుకు కట్టుకున్నాడు, రెండోది వార్డెన్‌గారికి ఇచ్చాడు.